అక్క చెప్పుల్లోని అట్టలు

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది నిజానికి బరువే లేని వస్తువు. సీసా బిరడాలు చేసే బెండును అరికాలి ఆకారంలో కోసి, పైన తోలు అంటించిన రెండు అట్టలు. వాటిని నేను దొంగిలించాను. మా అక్క చెప్పుల్లోంచి. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో అంటున్నాను. నన్ను ఓదార్చకండి. ఓదారిస్తే ఒళ్ళు మండుతుంది.

పుదుచ్చేరి చేతులు మారుతున్న రోజులవి. ఫ్రెంచివాళ్ళు సర్దుకుని ఓడలెక్కుతున్నారు, కొత్త ప్రభుత్వం వస్తోంది. నేను ఆస్పత్రిలో ఆయాను. అక్క నూలు మిల్లులో దారం చుట్టేది. ఇద్దరివీ పొద్దంతా నిలబడే పనులే. ఇద్దరివీ నాన్న పాదాలే. అరికాలిలో గుంట ఉండదు. తడికాళ్ళతో నడిస్తే గచ్చు మీద పాదం మొత్తం అచ్చు పడేది, ఏది ఎవరి అడుగో అమ్మకు కూడా తెలిసేది కాదు.

అక్కకు ఏళ్ళ తరబడి నడుము నొప్పి. నూనెలు, కాపడాలు, గుడ్డ బిగించి కట్టుకోవడాలు అన్నీ అయ్యాయి. చివరికి నేనే మా ఆస్పత్రి దొర డాక్టరుకు చూపించాను. ఆయన నడుము కన్నా ముందు పాదాలు చూశాడు. పాదం చదునుగా ఉండి లోపలికి వాలుతోందని, ఆ భారం మోకాళ్ళ మీదుగా నడుము దాకా పోతోందని చెప్పాడు. నడుము నొప్పి ఉన్న అందరికీ ఇది పనిచేయదు గానీ ఈమెకు చేయవచ్చన్నాడు. పాదాలకు అచ్చులు తీయించి, బూట్లు కుట్టే ఒకాయన చేత ఆ అట్టలు చేయించాడు. పట్టీల చెప్పుల్లో వాటిని పెట్టుకుని అక్క మిల్లుకు పోయేది. మొదట్లో కాళ్ళు గుంజాయి. తర్వాత నొప్పి దిగింది. పూర్తిగా పోలేదు, దిగింది. సాయంత్రం పూట అక్క నిటారుగా నడిచి ఇంటికి రావడం నేను అప్పుడే చూశాను. చూసి ఓర్వలేకపోయాను.

ఎందుకంటే నాకూ నొప్పే. కానీ కొత్తవాళ్ళు ఎవరిని ఉంచుకుంటారో, ఎవరిని పంపేస్తారో తెలియని రోజుల్లో, నేను నిలబడలేనని ఏ ఆయా చెబుతుంది? నోరు మూసుకున్నాను. తెరుద్దామనుకునేసరికి డాక్టరు ఓడెక్కేశాడు.

మా ఇంట్లో చెప్పులు గడప దాటి లోపలికి రావు. ఒకరి చెప్పులు ఇంకొకరు చేత్తో ముట్టుకోరు. వాటిలో చెయ్యి పెట్టే మనిషి మా ఇంట్లోనే ఉంటుందని ఎవరనుకుంటారు? ఒక సాయంత్రం అక్క మిల్లు నుంచి వచ్చి పెరట్లో కాళ్ళు కడుక్కుంటుండగా, అట్టలు పీకి నా కాన్వాసు బూట్లలో దూర్చేశాను. ఒక్కరోజు చూసి తిరిగి పెట్టేద్దామనుకున్నాను. అనుకున్నానా? లేక ఇప్పుడు కూడా నాకు నేనే అబద్ధం చెప్పుకుంటున్నానా?

మర్నాడు పొద్దున అక్క గడప దగ్గర వంగి అడిగింది.

"ఏమే, నా చెప్పుల్లో అట్టలు లేవే. యాడైనా చూసినావా?"

"నాకేం తెల్సు? ఆ కుట్టినాయప్ప బంక సరిగ్గా పూసిండడు. దోవలో ఊడి పడిపోయుంటాయి."

"రెండూనా? రెండూ ఒగేసారి ఎట్ల పడతాయే? అవి లేకుంటే నా ఇడుపు నిలవదు కదా," అంటూ నడుము పట్టుకుంది.

"నువ్వు నడిచే నడకకి రెండూ పడతాయి. నన్నడిగితే ఏంది?"

ఎంత అడ్డగోలు జవాబో చూడండి. అక్క నమ్మింది. దారంతా వెతికి, ఆ కుట్టేవాడి దగ్గరికి పోయి బంక సంగతి ఎత్తి పోట్లాడింది. తన పనినే తప్పు పడుతుందా అని అతను ఉడికిపోయి, దాచి ఉంచిన పాదాల అచ్చులు ఆమె ఎదుటే పగలగొట్టాడు. మళ్ళీ చేయించుకునే దారి అలా మూసుకుపోయింది. అది విన్నాకైనా నేను తీసి ఇచ్చేయాలి కదా? ఇస్తే దొంగనని తెలుస్తుంది. ఇవ్వకపోతే పోయేది అక్క నడుమే కదా అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను.

నొప్పి తిరగబెట్టింది. పని మధ్యలో అక్క కింద కూర్చుండిపోయేది. మిల్లువాళ్ళు తీసేశారు. అమ్మ ఆమెను సోమరిది అంది, చెల్లెల్ని చూసి సిగ్గు తెచ్చుకోమంది. అప్పుడు నేను పక్కనే అన్నం తింటున్నాను. దొంగతనం మీద కన్నా నాకు ఆ ముద్ద మీద ఎక్కువ కోపం. తల ఎత్తకుండా ఇంకో ముద్ద కలుపుకుందే, ఆ పిల్లను ఇప్పుడు పట్టుకుని రెండు చెంపలూ వాయించాలనిపిస్తుంది. ఆ అట్టల మీద నిలబడే నా ఉద్యోగం ఖాయమైంది. రిటైరైన రోజు మెడలో దండ వేసి, ఈమె ఏనాడూ నడుము వాల్చి ఎరగదని పొగిడారు. అక్క కుర్చీ చేతులు పట్టుకుని కష్టం మీద లేచి, అందరికన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది.

అట్టలు ఏనాడో అరిగి పొడైపోయాయి. అక్క ఇప్పుడు విల్లియనూరులో కూతురి దగ్గర ఉంటోంది. వెళ్ళినప్పుడల్లా నడుముకు నూనె రాయమంటుంది. రాస్తాను. నీ చెయ్యి పడితే హాయిగా ఉంటుందే అంటుంది. చెప్పాలని నోటిదాకా వస్తుంది, అరచేతిలో ఇంకాస్త నూనె పోసుకుంటాను.

ఇక్కడ రాసేశాక మాత్రం ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అది కూడా నాకు దక్కకూడని తేలికే. ధైర్యం చేసి రాశానని అనుకుంటున్నారేమో. మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతారు గానీ చదవడం ఎవరికీ రాదు, మా బడి చదువంతా తమిళమే. నేనొక్కదాన్నే యానాం నుంచి బదిలీ మీద వచ్చిన నర్సమ్మ దగ్గర ఈ అక్షరాలు నేర్చుకున్నాను. ఈ కాగితం అక్క ఒళ్ళో పెట్టినా ఒక్క ముక్క అర్థం కాదు. అందుకే తెలుగులో రాశాను.