నుదుటి వెనక గడ్డ

మా ఆయన ఒక్కరోజులో మారిపోయి ఉంటే నాకు వెంటనే తెలిసేది. ఆ మార్పు రావడానికి రెండేళ్ళు పట్టింది.

అంతకుముందు ఆయన గొంతు నాలుగిళ్ళ అవతలికి వినపడేది. మా ఊరు గుంటూరు పక్కన, నల్లపాడు దాటాక వస్తుంది. నేను హైస్కూల్లో బయాలజీ పాఠాలు ముగించుకుని బస్సు దిగేసరికి, సెంటర్లో ఎవరితోనో మిరప రేటు గురించి వాదిస్తూ ఉండేవారు. నన్ను చూడగానే ఆ వాదన సగంలో ఆపి బండి తీసేవారు. మిగతా సగం ఇంటికెళ్ళేదాకా నాకు చెప్పేవారు.

ఆ మాటలు తగ్గాయి. తర్వాత బస్సు దగ్గరికి రావడం మానేశారు. ఎందుకు రాలేదని అడిగితే "నడిచొచ్చావుగా" అన్నారు. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అన్నారు.

ఆ ఏడు కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉండగా మబ్బు పట్టింది. చుట్టుపక్కల కల్లాల్లో అందరూ టార్పాలిన్ పట్టాలు పట్టుకుని పరుగులు తీస్తున్నారు. ఈయన మంచం మీద కూర్చుని ఆకాశం వంక చూస్తున్నారు.

"ఏవండీ, వాన!" అని అరిచాను.

"అవును, వస్తోంది" అన్నారు.

కూలీలతో కలిసి నేనే కప్పాను. అప్పటికే చాలా కాయలు తడిసిపోయాయి. ఆయన ఇంకా మంచం మీదే ఉన్నారు.

చీరాలలో మా నాన్న పోయినప్పుడు ఇంకా ఘోరం. 'మామయ్యా మామయ్యా' అంటూ నాన్న వెంట తిరిగిన మనిషి, నాన్నని బయట పడుకోబెట్టి ఉండగా మా తమ్ముణ్ణి "భోజనాలు ఎప్పుడు?" అని అడిగారు. బంధువులంతా విన్నారు. నాకు ఆయన మీద మనసు విరిగిపోయింది. "వయసు మీదపడితే మగాళ్ళు అంతేనమ్మా" అంది అత్తయ్య. "ఇంకెవరన్నా ఉన్నారేమో కనుక్కో" అంది అక్క. ఉన్నారని తెలిసినా ఆ రోజుల్లో నాకు కాస్త తేలికగా ఉండేదేమో. కనీసం కారణం దొరికేది.

ఒక ఆదివారం పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లోకి వెళ్ళాను. వచ్చేసరికి గిన్నె మాడి ఇల్లంతా కంపు. ఆయన వంటగది గుమ్మంలోనే పేపరు చదువుతున్నారు.

"ఇంత వాసనొస్తుంటే కట్టెయ్యకూడదా?"

"వాసనా? నాకేం రావట్లేదే" అన్నారు.

ఏళ్ళ తరబడి పీల్చిన మిరప ఘాటుకి ముక్కు పాడైందనుకుని గుంటూరు బ్రాడీపేటలో ముక్కు డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన లైటు వేసి చూశారు, కళ్ళు మూయించి కాఫీ పొడి వాసన చూపించారు. మా ఆయనకి అదేమిటో తెలియలేదు. "ముక్కు శుభ్రంగానే ఉందమ్మా" అన్నారు డాక్టరు గారు. చుక్కల మందు రాసి పంపించేసినా ఆయన్ని ఎవరూ తప్పు పట్టేవారు కాదు. బయట జనం నిండా ఉన్నారు. కానీ పెన్ను పక్కన పెట్టి ఇంకొకటి అడిగారు.

"మనిషిలో ఏమన్నా మార్పు వచ్చిందామ్మా? మాటలో, పద్ధతిలో?"

అప్పటిదాకా ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. అక్కడే కూర్చుని ఏడ్చేశాను. మా ఆయన గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నారు.

డాక్టరు గారు రాసిచ్చిన స్కానులో నుదుటి వెనక, ముక్కుకి పైన, నిమ్మకాయంత గడ్డ కనపడింది. క్యాన్సరు కాదన్నారు. ఏళ్ళుగా పెరుగుతూ వాసన తెలిపే నరాల్నీ, మెదడు ముందు భాగాన్నీ నొక్కేస్తోందట. ఆ భాగానికి బోర్డు మీద బాణం గుర్తు పెట్టి 'ఆలోచన, వివేకం' అని పిల్లల చేత ఎన్నిసార్లు రాయించానో!

ఆపరేషన్ చేసే డాక్టరు గారిని అడిగాను. "ప్రేమ కూడా అక్కడే ఉంటుందాండీ?"

ఆవిడ నవ్వలేదు. "అక్కడ నొక్కితే ఏమేం పోతాయో నాకు తెలుసమ్మా. అవన్నీ అక్కడే ఉంటాయా అంటే మాత్రం చెప్పలేను. ముందు గడ్డ తీద్దాం" అన్నారు.

తీశారు. ముక్కు బాగుపడలేదు, పడదని ముందే చెప్పారు. మనిషి మాత్రం కొంచెం కొంచెంగా వెనక్కి వచ్చారు. మొదట ఆసుపత్రి సాంబారు మీద విసుక్కున్నారు. ఆ విసుగు విని నేను వరండాలోకి వెళ్ళి దణ్ణం పెట్టుకున్నాను.

కుట్లు మానాక చీరాల వెళ్ళాం. హాల్లో దండ వేసిన నాన్న ఫొటో ఉంది. ఆయన దాని ముందు నిలబడి, "మామయ్యా" అని గోడకి చెయ్యి ఆనించి వెక్కి వెక్కి ఏడ్చారు. నాన్న పోయి అప్పటికి ఏడాది దాటింది. మేమంతా ఏడ్చి తేరుకున్న చావు ఆయనకి ఆ రోజే జరిగింది. మా నాన్న కోసం ఏడుస్తున్న ఆయన్ని నేను ఓదార్చాను. అమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నా మనసులో విరిగింది అక్కడే అతుక్కుంది.

నిమ్మకాయంత గడ్డ ఒక మనిషి మమకారాన్ని మాయం చెయ్యగలిగితే, మమకారమంటే కాస్త కండేనా? మొదట్లో ఆ ఆలోచన అవమానంగా ఉండేది. ఇప్పుడు లేదు. అది ఏ ఆత్మకో పట్టిన జబ్బయితే ఎవరు చెయ్యి పెట్టి తీసేవారు? శరీరంలో ఉంది కాబట్టే డాక్టరమ్మ చేతికి అందింది.

ఈ మాట చెబితే మా ఆయన ఒప్పుకోరు. "మీ నాన్న పోయారని అప్పుడూ తెలుసు. నువ్వు బాధపడుతున్నావనీ తెలుసు. లేచి నీ దగ్గరికి రావాలని మాత్రం అనిపించలేదు. అంతా అద్దం అవతల జరుగుతున్నట్టుండేది. మరి అద్దం ఇవతల కూర్చుని చూసిందెవరే?"

"అదీ మెదడేనండీ."

"నీ పాఠం నువ్వు చెప్పుకో" అంటారు.

మొన్న మళ్ళీ స్కానుకి గుంటూరు వెళ్ళాం. అంతా బాగుందన్నారు. తిరిగొస్తుంటే ఒక ఆటో అడ్డం వచ్చింది. మా ఆయన బండి ఆపి, "ఒరేయ్, కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా?" అని మొదలుపెట్టారు. ఆటో అతను కూడా తక్కువ తినలేదు. వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయి. మామూలుగా అయితే "పోనివ్వండి" అని ఆపేదాన్ని. ఆ రోజు ఆపలేదు. ఆయన భుజం మీద చెయ్యి వేసుకుని, వాళ్ళ పోట్లాట పూర్తయ్యేదాకా కూర్చున్నాను.