ఓవైన్ దగ్గరికి ఎవరొచ్చారు?

2021. మాస్కులు ఇంకా ముఖాల మీదే ఉన్న రోజులు. దుబాయ్‌లో అల్ కుసైస్ దగ్గర ఒక రిహాబ్ సెంటర్‌లో నేను స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. స్ట్రోక్ వచ్చి మాట పడిపోయినవాళ్ళకు మళ్ళీ మాట తెప్పించడం మా పని. పెదవుల కదలిక కనబడకపోతే ఆ పని సాగదు కాబట్టి నేను మాస్కు మానేసి ప్లాస్టిక్ ఫేస్ షీల్డు పెట్టుకునేదాన్ని. దాని వెనక నా గొంతు నాకే డబ్బాలోంచి వస్తున్నట్టు ఉండేది.

ఆ ఏడాది వేసవిలో మోర్గాన్ గారి కేసు నా దగ్గరికి వచ్చింది. ఒక్క పేరు తప్ప మిగతావన్నీ మార్చి రాస్తున్నాను. ఆయనది వేల్స్. బ్రిటన్‌లో ఇంగ్లండ్‌ని ఆనుకుని పడమటి వైపున్న కొండల దేశం. మొదట అక్కడా, తర్వాత చాలాకాలం దుబాయ్‌లోనూ హిస్టరీ టీచరుగా చేసి, రిటైరై, భార్య పోయాక కూడా ఇక్కడే ఒక ఫ్లాటులో ఉండిపోయారు. స్ట్రోక్‌తో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకి లాగేసి మాట ముద్దగా వచ్చేది. ఫైల్లో 'జార్గన్ అఫేసియా' అని ఉంది. మెదడులో భాషకు సంబంధించిన భాగం దెబ్బతింటే దాన్ని అఫేసియా అంటాం. అందులో ఒక రకం జార్గన్: మాట ధారగానే వస్తుంది, అర్థం మాత్రం ఉండదు. 'చెప్పింది అర్థం చేసుకోవడం లేదు' అని కూడా రాశారు.

ఇంగ్లండ్ నుంచి కూతురు గ్వెన్ వచ్చి ఉంది. నలభై దాటిన మనిషి, ముక్కుసూటిగా మాట్లాడుతుంది. ప్రయాణాల ఆంక్షల వల్ల తండ్రి పడిపోయిన చాలా రోజులకు గాని రాలేకపోయింది. ఆయన్ని తన ఊరి దగ్గర ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చాలని చూస్తోంది.

"డాక్టర్లు రిపోర్టు అడిగారు. ఆయనకు తెలివి ఉందా లేదా అన్నది మీరు తేల్చాలి. లేదని తేలితే నేనే ఆయన తరఫున అన్నీ నిర్ణయించేస్తాను," అంది మొదటిరోజే. మాట కటువుగా ఉన్నా చేతిలో రుమాలు నలిగిపోతోంది.

బొమ్మల కార్డులు తీశాను. కప్పు, తాళం, కుక్క. "కప్పు చూపించండి," అన్నాను ఇంగ్లీషులో. ఆయన ఎడమ చేత్తో కార్డులన్నీ పక్కకి నెట్టేసి, నా వైపు వంగి, గంభీరంగా ఏదో చెప్పడం మొదలుపెట్టారు. చాలాసేపు చెప్పారు. తర్వాత ఒక చోట ఆగి, కనుబొమలు ఎత్తి, నా ముఖంలోకి చూశారు. నేనేమీ అనకపోయేసరికి నిట్టూర్చి కిటికీ వైపు తిరిగిపోయారు.

ఆయన్ని కనిపెట్టుకుని ఉండే సత్యవతి మా వైపు మనిషే. అమలాపురం పక్క పల్లె. దుబాయ్‌లో ఇళ్ళలో పనులు చేసి చేసి ముసలివాళ్ళను చూసుకునే పనిలో స్థిరపడింది. నాది కాకినాడ అనగానే దగ్గరైపోయింది.

"రోజూ ఇదే తంతండి," అంది ఆయనకు దిండు సర్దుతూ. "సెప్పుకుంటా సెప్పుకుంటా వచ్చి అక్కడ ఆగిపోతారు. మన వంక సూత్తారు. మనం పలక్కపోతే ఇక ఆ పూట ఖలాస్, అన్నం కూడా సరిగ్గా తినరు."

"ఎప్పుడూ ఒకే చోట ఆగుతారా?"

"ఒకే మాట దగ్గరండి. పుయ్ దైత్ ఆతో, అంటారు. నాకూ నోటికొచ్చేసింది."

ఆ మాట నా మనసులో దిగబడింది. జార్గన్ మాట్లాడేవాళ్ళు ఎదుటివాడి జవాబు కోసం ఆగడం తక్కువ. పైగా ఒకే శబ్దాలు, ఒకే వరసలో, రోజూ రావు. ఈయన ఆగుతున్నారు. ప్రశ్న అడిగినట్టు గొంతు పైకి లేస్తోంది. రెండు మూడు భాషలు వచ్చినవాళ్ళకు స్ట్రోక్ వస్తే అన్ని భాషలూ సమానంగా పోవాలని లేదు. ఒకటి పోయి ఒకటి మిగలవచ్చు, చిన్నప్పటిదే మిగలాలన్న నియమమూ లేదు. ఇదంతా చదువుకున్నదే. కాని ఈయన భాష ఇంగ్లీషని ఫైల్లో రాసి ఉంది.

వేల్స్‌కి వెల్ష్ అని సొంత భాష ఉంది. గ్వెన్‌ని అడిగాను. "మీ నాన్నగారికి వెల్ష్ వచ్చా?"

"చిన్నప్పుడు మా నానమ్మతో మాట్లాడేవారట. నాకు ఊహ తెలిసేసరికి ఆవిడ లేదు. మా అమ్మ ఇంగ్లండ్ మనిషి. ఇంట్లో ఒక్క వెల్ష్ మాట వినలేదు నేను." "అయినా ఇది భాషలా ఉందా మీకు? ఆసుపత్రిలో అందరూ ఉత్త శబ్దాలన్నారు," అంది.

"తెలిసినవాళ్ళు వింటే గాని చెప్పలేం," అన్నాను.

ఆమె అనుమతితో ఆయన మాటలు రికార్డు చేశాను. దుబాయ్‌లో ఉన్న వేల్స్ వాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు ఉందని తెలిసి గ్వెన్ అందులో అడిగింది. ఎలిన్ అనే సంగీతం టీచరు స్పందించింది. వీడియో కాల్‌లో రికార్డింగు వినిపించాం. ఆవిడ కళ్ళు మూసుకుని విని, మళ్ళీ పెట్టమంది. రెండోసారి సగంలోనే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది వెల్షే. ఉత్తరాది యాస. కొన్ని మాటలు తారుమారయ్యాయి, కొన్ని మింగేస్తున్నారు. కాని ఆయన పాఠం చెబుతున్నారు. ఓవైన్ గ్లిన్‌డూర్ పాఠం. మా దేశంలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన కథ."

"మరి ఆ ఆగే చోటు?"

"పిల్లల్ని అడుగుతున్నారు. ఆయన దగ్గరికి ఎవరొచ్చారు, అని."

మోర్గాన్ గారు అన్ని వారాలుగా అడుగుతున్న ప్రశ్న అది.

మరుసటి రోజు సాయంత్రం ఎలిన్ స్వయంగా వచ్చింది. ఆయన ఎదురుగా కూర్చుని నమస్కారం లాంటి మాటేదో వెల్ష్‌లో అంది. ఆయన ఉలిక్కిపడలేదు. క్లాసులోకి ఆలస్యంగా వచ్చిన పిల్లని చూసినట్టు చూసి, పాఠం అందుకున్నారు. ఎలిన్ మెల్లగా మాకు ఇంగ్లీషులో చెబుతూ వచ్చింది.

ఓవైన్‌కి ముందు లవెలిన్ అనే రాజు. ఇంగ్లండ్ రాజు సైన్యంతో పోరాడుతూ 1282లో చనిపోయాడు. ఆయన తల నరికి లండన్ పంపించి ఊరంతా చూసేలా పెట్టారు. గెలిచిన రాజు సముద్రం ఒడ్డున వరసగా కోటలు కట్టించాడు, మళ్ళీ ఎవరూ తల ఎత్తకుండా. వేల్స్ జనం తమ ఊళ్ళోనే పరాయివాళ్ళయ్యారు. అలా వందేళ్ళకు పైగా గడిచాక, 1400లో, ఓవైన్ తిరగబడ్డాడు.

అక్కడ ఆయన ఆగారు. కనుబొమలు ఎత్తారు. "పుయ్ దైత్ ఆతో?"

ఎలిన్ తడుముకోకుండా జవాబు చెప్పింది. ఇంగ్లండ్ పొలాల్లో కూలికి పోయినవాళ్ళు పనులు వదిలేసి వచ్చారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న కుర్రాళ్ళు పుస్తకాలు వదిలేసి వచ్చారు.

మోర్గాన్ గారు నవ్వలేదు, కంటతడి పెట్టలేదు. సరైన జవాబు విన్న మాస్టారు తలూపినట్టు తలూపి, తర్వాతి వాక్యంలోకి వెళ్ళిపోయారు. అక్కడినుంచి ముందుకు ఆయన చెప్పడం మేమెవరమూ అంతవరకు వినలేదు. ఓవైన్ కొన్ని కోటలు పట్టుకున్నాడు, సొంత పార్లమెంటు పెట్టాడు, చివరికి ఓడిపోయాడు. భార్యనీ బిడ్డల్నీ శత్రువులు లండన్‌లో బంధించారు. ఆయన మాత్రం చిక్కలేదు. ఏళ్ళ తరబడి కొండల్లో తిరిగాడు. సొంత జనం ఎవరూ పట్టివ్వలేదు. సమాధి ఎక్కడుందో ఈనాటికీ రూఢిగా తెలియదు.

"దేశం వొదిలి కూలికెళ్ళినోళ్ళు వొచ్చేశారా, పని మానేసి?" అని సత్యవతి నన్ను అడిగింది. అవునన్నాను. "మాకైతే వీసా ఇచ్చిన కఫీల్ పాస్‌పోర్టు తిరిగివ్వాలి కదండీ," అని నవ్వి, ఆయనకు నీళ్ళ గ్లాసు అందించింది. ఆ పూట ఆయన అన్నం పూర్తిగా తిన్నారు.

అక్కడినుంచి థెరపీ దారి మార్చాను. కప్పులూ తాళాలూ పక్కన పెట్టి వేల్స్ మ్యాపు, కోటల ఫోటోలు తెప్పించాను. ఎలిన్ వారానికోసారి వచ్చి వెల్ష్‌లో మాట్లాడేది. ఆయన వెల్ష్‌లో అన్న మాటకు పక్కనే ఇంగ్లీషు మాట నిలబెట్టేదాన్ని నేను. కోట, రాజు, కొండ, నది. ఒక భాష ఆసరాతో ఇంకో భాషను లేపడం అందరి విషయంలోనూ పనిచెయ్యదు. ఆయనకు కొంత పనిచేసింది. 'క్యాజిల్' అన్న మాట ఎన్నో ప్రయత్నాల తర్వాత నోట్లోంచి బయటపడ్డ రోజున గ్వెన్ సెలవు పొడిగించమని ఆఫీసుకు ఫోన్ చేసింది.

ఒకరోజు ఆయన పాఠం లవెలిన్ కూతురి కథ దగ్గరికి వచ్చింది. ఆ పిల్ల పుట్టినప్పుడే తల్లి పోయింది. ఏడాది తిరక్కుండా తండ్రీ పోయాడు. ఉయ్యాల్లోని బిడ్డను ఇంగ్లండ్ రాజు దూరంగా ఒక క్రైస్తవ మఠంలో పెట్టించాడు, ఆమెకు పిల్లలు పుట్టి రాజ్యం అడక్కుండా. ముసలిదై అక్కడే చనిపోయింది. సొంత భాష ఆమె చెవిన పడనే లేదంటారు. తన పేరును కూడా అక్కడివాళ్ళు పలికినట్టే పలికి, వాళ్ళు రాసినట్టే రాసిందట.

"ఆ పాప పేరు గ్వెన్‌లియన్," అంది ఎలిన్, గ్వెన్ వైపు తిరిగి.

"అది నా పాస్‌పోర్టులో పేరు," అంది గ్వెన్. "ఎవరికీ నోరు తిరగదని అమ్మ గ్వెన్ చేసేసింది. ఎవరి పేరని నేనెప్పుడూ అడగలేదు."

ఆ పేరు మధ్యలోని 'ల' మన ల కాదు. నాలుకను ల దగ్గరే ఆనించి, గొంతు కలపకుండా, పక్కల నుంచి గాలి మాత్రం వదలాలి. శబ్దాలు నా పని కాబట్టి నేను గ్వెన్‌కి నాలుక ఎక్కడ పెట్టాలో చూపించాను. ఆమె పలికింది. మోర్గాన్ గారు కాదని తల ఊపి, తను పలికి చూపించారు. వంకర మూతితో కూడా ఆ శబ్దం స్పష్టంగా వచ్చింది. నాలుగైదు ప్రయత్నాలకు ఆమెకు పట్టుబడింది. అప్పుడు తండ్రి పడిపోని చేత్తో ఆమె చెంప తట్టారు.

"నాకెందుకు నేర్పలేదు నాన్నా?" అని అడిగింది. కోపం లేదు ఆ గొంతులో.

చాలాసేపు వెతుక్కున్నారు. వెల్ష్‌లో మొదలుపెట్టి, ఆపేసి, ఒక్కో ఇంగ్లీషు మాటా తవ్వి తీస్తున్నట్టు తీశారు. "మీ అమ్మ... బల్ల దగ్గర... ఒంటరిది."

భోజనాల బల్ల దగ్గర భార్యకు రాని భాషలో తండ్రీకూతుళ్ళు మాట్లాడుకుంటుంటే, తన ఇంట్లో తానే పరాయిదైపోతుందని ఆయన భయం. గ్వెన్ ఆయన ఒళ్ళో తల పెట్టుకుంది. నేనూ సత్యవతీ గది బయటికి వెళ్ళిపోయాం.

రిపోర్టు కోసం డాక్టరు మీటింగు పెట్టారు. ఈసారి ప్రశ్నలు ఎలిన్ వెల్ష్‌లో అడిగింది. ఆయన తలూపి, చెయ్యి చూపించి, ఉన్న మాటలతో జవాబిచ్చారు. ఎక్కడుంటారని అడిగి మ్యాపు పెడితే, కూతురి ఊరి మీంచి వేలు జరిపి ఉత్తర వేల్స్ మీద ఆపారు.

"అక్కడ నేనుండను నాన్నా," అంది గ్వెన్.

"సెలవుల్లో... రా," అన్నారాయన.

డాక్టరు ఫైల్లో పాత వాక్యం కొట్టించి, రోగికి అవగాహన ఉందని, నిర్ణయం ఆయనదేనని రాయించారు. కొన్ని వారాలకు గ్వెన్ ఆయన్ని వెల్ష్ మాట్లాడే నర్సులున్న చోటికి తీసుకెళ్ళింది. ఇంగ్లీషు పూర్తిగా తిరిగి రాలేదు. అక్కడ ఆయనకు దాని అవసరం తక్కువేనని తర్వాత రాసింది.

మాట పోయిన మనిషిని చూడగానే తెలివి పోయిందని తీర్మానించడం ఎంత తేలికో ఆ కేసు చూపించింది. ఎదుటి మనిషి మాట మనకు అర్థం కానప్పుడు, లోపం అతని మెదడులోనే ఉందని మనం అనుకుంటాం. మన చెవిలో ఉండవచ్చని అనుకోం. అప్పటినుంచి ఏ రోగి వచ్చినా, మీ అమ్మ మిమ్మల్ని ఏ భాషలో పిలిచేది అని ఇంట్లోవాళ్ళనో రూమ్మేట్లనో ముందు అడుగుతాను.

ఆ మధ్య లేబర్ క్యాంపు నుంచి ఒక మేస్త్రీని తెచ్చారు. జగిత్యాల వైపు మనిషి. హిందీలో అడిగినదానికి పలకడం లేదని, అయోమయంగా ఏదో అరుస్తున్నాడని ఫైల్లో ఉంది. మంచం పక్కన కూర్చుని, "అన్నా, ఏమన్నా చెప్తవా?" అన్నాను. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మా బర్రె... ఈనిందా... అమ్మా?" అన్నాడు, ఒక్కో మాటా కూడగట్టుకుంటూ.

రూమ్మేటు ఫోన్లోంచి ఇంటికి కలిపించాను. భార్య గొంతు స్పీకర్లో వినబడింది. ఈనిందట. పెయ్యదూడ అట.