కంచె అవతలి పాకలో నేనూ నా కూతురూ

కింది ఊళ్లో అమ్మవారు పోసిందన్న కబురు అరకు లోయ దాటి మా కొండమీదికి రాగానే, మగవాళ్లు ముళ్లకొమ్మలు నరికి దారికి అడ్డం వేశారు. అది పెద్దల నాటి కట్టు. లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. ఒంటిమీద పొక్కు కనిపిస్తే ఎవరైనా సరే కంచె దాటి పోవాలి. సంత లేక ఇళ్లలో ఉప్పు నిండుకుంది. అయినా ఎవరూ కట్టు తప్పలేదు.

అప్పుడు టీకాలు వేసే ఆయన వచ్చాడు. మైదానం మనిషి. కంచె దగ్గరే ఆపేశారు.

"మీ మంచికే వచ్చాను, కొమ్మలు తీయండి," అన్నాడు.

ఊరిపెద్ద కదల్లేదు. "కింద ఊరికాడ నుంచే కదా వత్తన్నావు బాబూ. నీకు మాత్రం కట్టు లేదేటి?"

ఆయన కోపంతో పోలీసులను తెస్తానన్నాడు. ఆ రోజుల్లో మా కొండల్లో అది ఊరికే అనే మాట కాదు. మగవాళ్ల చేతులు గొడ్డళ్ల మీదికి పోయాయి.

మా అత్త ముందుకు వచ్చింది. ఆమె ముఖం నిండా పాత మచ్చలు. చిన్నప్పుడు ఆమె అక్కలిద్దరూ ఆ జబ్బుతోనే పోయారు.

"నువ్వక్కడే ఉండు బాబూ. పిల్ల సెయ్యి ఇటునుంచి సాపుతాం. ఏత్తావా?"

ఆయన పెట్టె తెరిచాడు. ఎవరూ ముందుకు రాలేదు. అత్త నావైపు చూసింది. అప్పుడప్పుడే పాకుతున్న నా కూతురి చేతిని ముళ్ల సందులోంచి నేనే బయటికి పెట్టాను. ఆయన సూదిని పెట్టెలోని చిన్న దీపం సెగకు చూపించి ఆ చేతిమీద గీశాడు. పిల్ల కేకకు మిగతా తల్లులు తమ పిల్లల్ని చంకనేసుకుని వెళ్లిపోయారు.

"జ్వరం వస్తుంది. అక్కడ ఒక్క పొక్కే లేస్తుంది, ఎండి రాలిపోతుంది. భయపడకమ్మా," అని చెప్పి ఆయన దిగిపోయాడు.

చెప్పినట్టే జ్వరం వచ్చింది, పొక్కు లేచింది. ఊరిపెద్ద మా గుమ్మంలోకి వచ్చి తల దించుకుని నిలబడ్డాడు. అత్తకు అర్థమైంది.

"ఎల్లు అమ్మీ. పొక్కు లేత్తే కట్టు ఎవరికైనా ఒకటే," అంది నాతో.

మా ఆయన పెద్దనడిగి ముందుగా పోయి, కంచె అవతల మా పోడుచేలోని పాకకు కొత్త ఆకు కప్పి వచ్చాడు. నేను పిల్లనెత్తుకుని కంచె దాటాను.

రోజూ తెల్లారగానే పిల్ల గుడ్డ విప్పి ఒళ్లంతా వెతికేదాన్ని. కింది లోయలోంచి చావు డప్పు వినిపించేది. అత్త రాగుల చోడంబలి కుండ కంచె దగ్గర పెట్టి, దూరం జరిగి అరిచేది.

"ఇంకోటి లేసిందేటి?"

"లేదత్తా!"

ఒక పొద్దున పిల్ల మెడమీద ఎర్రగా కనిపించింది. అత్త వచ్చి అరిచేసరికి నేనింకా ఆ మెడనే తడిమి చూస్తున్నాను.

"పలకవేటే?"

"మెడమీద ఒకటుందత్తా."

ఆమె అమ్మవారికి చేతులెత్తి దండం పెట్టింది. ఆ రోజు కుండ ముట్టుకోలేదు నేను. మర్నాటికి ఆ ఎరుపు మాయమైంది. చీమ కుట్టిన దద్దు. ఆ మాట పాకలోంచే అత్తకు అరిచి చెప్పి గట్టిగా ఏడ్చాను. అత్త కంచె లోపల ఏడ్చింది.

చేతి మీది పొక్కు ఎండి రాలింది. ఊరిపెద్ద వచ్చి, పిల్లను ఎండలోకి తిప్పి చూపించమన్నాడు. వీపు, అరికాళ్లు, చెవుల వెనక అన్నీ చూసి తనే కొమ్మ పక్కకు లాగాడు.

జబ్బు మా ఊళ్లోకి రాలేదు. ముళ్ల వల్లనో, అదృష్టం వల్లనో నాకు తెలియదు. టీకాల ఆయన మళ్లీ వచ్చినప్పుడు తల్లులు తామే కంచె దగ్గరికి వెళ్లారు. వేయించుకున్న పిల్లలందరినీ పాకకే పంపాలని ఊరిపెద్ద ముందే చెప్పేశాడు. ఊరిపెద్ద కోడలు నా దగ్గరికి వచ్చి, "జొరం బాగా కాత్తాదేటి?" అని మెల్లగా అడిగింది. నాకు తెలిసిందంతా చెప్పాను. పాకలో పడమటి వైపు కారుతుంది, పిల్లను అటు పడుకోబెట్టొద్దని కూడా చెప్పాను.