ఆరని పడుగు

చరిత్రకారులు రాజుల దండయాత్రలకు పేజీలకు పేజీలు కేటాయించారు గాని, విజయవాడలో రాజేశ్వరి ఇరవై రెండేళ్లుగా రోజూ పొద్దున ఏడింటికి వీధి దాటి ఎదురింటి మల్లీశ్వరి చేతి కాఫీ తాగడాన్ని ఎవరూ నమోదు చేయలేదు. వీధి వెడల్పు పద్దెనిమిది అడుగులు. వెళ్లి రావడానికి గంటన్నర.

ఆ మహాయాత్ర మొన్న శ్రావణంలో ఆగిపోయింది. పెద్దరోడ్డు తవ్వడంతో బండ్లన్నీ ఈ వీధిన పడ్డాయి. ఒక బైకు రాజేశ్వరి చెంగు పట్టుకుని నాలుగడుగులు లాక్కెళ్లింది. మోకాలు చిట్లింది; చీర మంగళగిరిది కాబట్టి చిరగలేదు. అప్పట్నుంచి ఈ గేటు పట్టుకుని ఆవిడ, ఆ గేటు పట్టుకుని మల్లీశ్వరి, హారన్ల మధ్య ఒకరినొకరు చూసుకోవడమే.

కాలనీ సంఘం అధ్యక్షుడు తిరుపతిరావు స్పీడ్ బ్రేకర్ కోసం కార్పొరేషన్‌కు ఏడు అర్జీలు పెట్టారు. ఏడింటికీ "పరిశీలనలో ఉంది" అన్న ఒకటే జవాబు.

రాజేశ్వరి నేతింటి ఆడపడుచు. ఆమె పుట్టిన వీధిలో, మగ్గమెక్కాల్సిన నిలువు పోగులకు గంజి పెట్టి వీధి పొడవునా సాగదీసి ఆరబెడితే, పెళ్లి ఊరేగింపైనా పక్కసందు చూసుకోవాల్సిందే. ఆ పోగుల వరసే పడుగు. మంగళగిరిలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది.

మర్నాడు తమ్ముడు ఉమామహేశ్ ఆటోలో పడుగు తెచ్చాడు.

"అక్కా, పోగులు తెగితే నా కొంప మునుగుద్ది."

"తెగవులే. ఆ కొస పట్టుకో."

ఒక కొస అతనూ, రెండో కొస తిరుపతిరావూ పట్టుకుని, వీధి పొడవునా సాగదీసి కర్రలకు కట్టారు. నలభై గజాల ఆకుపచ్చ, వేల పోగులు, పొద్దుటెండ. పామర్రు వరిచేను లేచొచ్చి వీధిలో పడుకున్నట్టుంది. బైకులు ఆగాయి. ఒకతను హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. హారన్ మోగించబోయిన ఆటో అతన్ని వెనక సీటు ముసలమ్మ భుజం మీద తట్టింది. "వెనక్కి తిప్పు నాయనా. పడుగు దాటతావా?"

పది గంటలకు కార్పొరేషన్ ఇంజనీరు వచ్చాడు.

"ఇదెప్పుడు తీస్తారమ్మా?"

"గంజి ఆరాలి కదండీ."

"ఎప్పటికి ఆరుద్ది?"

రాజేశ్వరి ఆకాశం వంక చూసింది. మబ్బుతునక లేదు.

"మీ స్పీడ్ బ్రేకర్ పడేలోపు ఆరేట్టు లేదండీ."

ఇంజనీరు వేలితో పోగులు తాకబోయి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆ పడుగు మూడు రోజులు ఆరింది. నాలుగో రోజు రెండు స్పీడ్ బ్రేకర్లు పడ్డాయి.

ఐదో రోజు ఏడింటికి రాజేశ్వరి గేటు తీసింది. బాల్కనీల్లో జనం లేచి నిలబడ్డారు. అటూ ఇటూ బండ్లు నెమ్మదించాయి. పద్దెనిమిది అడుగులూ తొందర లేకుండా నడిచి, ఎదురింటి గడప దాటింది.

మల్లీశ్వరి ఇంట్లో ఆ పూట పాలు విరిగిపోయాయి.