దండం పెడితే ఆగిపోయే ఫోన్

నిన్న మధ్యాహ్నం గురజాలలో ఉండగా మా పత్రిక కంట్రిబ్యూటర్ ఫోన్ చేశాడు.

"అన్నా, నరసరావుపేట కాడ కోల్డ్ స్టోరేజీలో గ్యాస్ లీకైంది. ఒకాయన పోయాడు."

పేరు అడిగాను. ఇన్నేళ్లుగా ఇలాంటి ఫోన్ వస్తే మొదట అడిగేది అదే.

"కోటేశ్వరరావంట. ఈపూరాయన. మిషన్లకి సాఫ్ట్‌వేర్ చూస్తాడంట."

పేరు సగం రాశాను. మిగతా సగం రాయలేకపోయాను.

మా కోటి.

నరసరావుపేటలో ఒకే మేడలో నేను కింద, వాడు పైన అద్దెకున్నాం. నన్ను సొంత అన్నలాగే చూశాడు.

వాడి పని తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దాచే కోల్డ్ స్టోరేజీలో చల్లదనం తగ్గకుండా కంప్రెసర్ మిషన్లను సాఫ్ట్‌వేరే చూసుకునేలా ఏర్పాటు చేశాడు. మిషన్ ఆగితే అదే మళ్లీ స్టార్ట్ చేస్తుంది. మూడుసార్లు ప్రయత్నించినా కుదరకపోతే అంతా ఆపేస్తుంది. ఆ మూడే వాడు పెట్టిన లిమిట్.

మిషన్ మొదటిసారి ఆగగానే వాట్సాప్ గ్రూపులో అలర్ట్ వస్తుంది. ఎవరూ జవాబివ్వకపోతే ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తుంది, ఎవరో ఒకరు ఎత్తేదాకా. మొదటి ఫోన్ కోటికే.

గ్రూపులో ఎవరైనా జవాబిస్తే, మనిషి చూశాడనుకుని ఆ కాల్స్ మానేస్తుంది.

మూడుసార్లకే ఎందుకు ఆపాలి, మళ్లీ ప్రయత్నిస్తే పోయేదేముందని ఒకసారి టీ కొట్టు దగ్గర అడిగాను.

"మా ఈపూరులో బోరు మోటార్లకి ఆటో స్టార్టర్లు పెట్టి ఇంటికాడ కూర్చుంటారన్నా. బోరులో నీళ్లు అయిపోయినా అది తిరుగుతానే ఉంటది. కాలిపోయినాక గానీ తెలీదు. స్టార్ట్ చేసేది ఎవుడైనా రాస్తాడు. ఎప్పుడాపాలో చెప్పాలి దానికి."

టీ చల్లారిపోయినా పట్టించుకోకుండా చెప్పాడు.

సీజన్ ముందు ఒక రోజు మా ఇంట్లో కూర్చుని ఆ గ్రూపులో టెస్ట్ మెసేజ్ పెట్టాడు. "కంప్రెసర్ రూములో మంట" అని. నిమిషంలో జవాబుగా ఎమోజీలు వచ్చాయి. దండం. దండం. గులాబీ పువ్వు. మళ్లీ దండం.

ఒక్కరూ ఫోన్ చేయలేదు. అలర్ట్ కింద సాఫ్ట్‌వేర్ రాసింది: "చూశారు. కాల్స్ ఆపాను."

కోటి మేనేజర్‌గారికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"ఏంది బాబాయ్, మిషన్ తగలబడతందంటే దండం పెట్టావు?"

"చూశానని పెట్టాన్రా. ఓనర్‌గారు ఉన్న గ్రూపు. చూసి ఊరుకుంటే బాగుంటదా?"

"మంటకి దండం పెడితే ఆరుద్దా బాబాయ్?"

"ఒరేయ్, నీ మెసేజ్‌లు రోజుకి ఎన్నొస్తన్నయ్యో చూసుకున్నావా? కరెంటు పోయినా మెసేజే, వచ్చినా మెసేజే. అన్నీ చదువుతా కూర్చుంటే టిక్కీలు ఎవుడు దించుతాడు?"

నవ్వుకున్నాం. ఫోన్ పెట్టేశాక కోటి నవ్వు ఆగింది. "ఆయన చెప్పేది నిజమే. అలర్ట్‌లు తగ్గించాలి. దండాన్ని జవాబుగా తీసుకోకుండా మార్చాలి" అన్నాడు.

మార్చేలోపు సీజన్ వచ్చింది. కరెంటు హెచ్చుతగ్గులకు మిషన్ ఆగడం, మూడోసారికి అంతా మూతపడటం మొదలైంది. గేటు బయట ట్రాక్టర్లు. కోల్డ్ స్టోరేజీవాళ్లు లిమిట్ ఇరవై చేయమన్నారు. కోటి ఒప్పుకోలేదు. రెండు రోజుల తర్వాత, సీజన్ అయ్యేదాకానే అన్న మాట మీద ఒప్పుకున్నాడు. సీజన్‌లో దేన్నీ కదపవద్దన్నారు. దండం సంగతీ వాయిదా పడింది.

ఇక నిన్నటిది. నాకు తెలిసింది ఇంతే.

మిషన్ ఆగింది. గ్రూపులో అలర్ట్ వచ్చింది. దాని కింద ఎవరో దండం పెట్టారు. ఫోన్లు వెళ్లలేదు. ఇరవై దాకా అనుమతి ఉంది కాబట్టి సాఫ్ట్‌వేర్ ఆ మిషన్‌ని స్టార్ట్ చేస్తూనే ఉంది.

మిషన్లలో తిరిగే అమ్మోనియా గ్యాస్ వాసనకు హమాలీలు బయటికి పరిగెత్తారు. అప్పుడే భోజనం చేసి వచ్చిన కోటి మిషన్ రూములోకి వెళ్లాడు. చేత్తో ఆపడానికని ఒకరు, లోపల మనిషి ఉన్నాడనుకుని అని మరొకరు చెబుతున్నారు. రెండూ నేను నిర్ధారించుకోలేదు. అప్పటికి లోపల ఎవరూ లేరన్నది మాత్రం నిజం.

ఎక్కడ, ఎందుకు లీకైందో అధికారులు చెప్పాలి. పోలీసులు కేసు కట్టారు. అందుకే ఎవరి పేరూ రాయడం లేదు.

సాయంత్రం ఆసుపత్రిలో కోటి భార్య ఒకటే మాట అంటోంది. "అన్నయ్యా, ఆ ఫోను మోగలా. మోగితే అన్నం కాడ నుంచైనా లేచి పోయేవాడు. మోగలా."

కోటి ఫోన్ ఆమె చేతిలోనే ఉంది. మెసేజ్‌లకు వైబ్రేట్ అవుతూనే ఉంది. తీసుకుని చూశాను.

అదే గ్రూపు. కోటి ఇక లేడని ఎవరో పెట్టారు. దాని కింద వరసగా దండాలు. వేలితో పైకి జరుపుతూ పోయాను.

దండాల మధ్యలో ఒక మెసేజ్.

"రెండో మిషన్ ఆగింది. మళ్లీ స్టార్ట్ చేస్తున్నాను."

దాని కింద ఇంకో దండం. కోటి కోసం పెట్టిందే.

దాని కింద: "చూశారు. కాల్స్ ఆపాను."

మేనేజర్‌గారికి ఫోన్ చేశాను. "అదట్టా వస్తానే ఉంటదిలే బాబూ" అన్నాడు ఏడుస్తూ. రెండో మిషన్ని ఎవరూ ఆపలేదని, సాఫ్ట్‌వేర్ దాన్ని ఇంకా స్టార్ట్ చేస్తూనే ఉందని చెప్పాను. ఏడుపు ఆగింది. మనుషుల్ని దూరంగా పంపించి, బయటి నుంచి కరెంటు తీయించారు.

అది ఆగింది. కానీ కోటి చేసింది బాగుందని ఈ చుట్టుపక్కల ఇంకొందరు కోల్డ్ స్టోరేజీవాళ్లు అదే సాఫ్ట్‌వేర్ పెట్టించుకున్నారు. వాళ్ల లిమిట్ ఎంతుందో నాకు తెలియదు. వాళ్ల గ్రూపుల్లో దండాలు పెడుతున్నారో లేదో తెలియదు. ఈ పోస్ట్ చదివేవాళ్లలో వాళ్లుంటే, ఇప్పుడే లేచి చూడండి.

దీని కింద దండం పెట్టవద్దు. కోటి తెలిసినవాళ్లయితే వాడి ఇంటికి ఫోన్ చేయండి. ఎత్తేదాకా చేయండి.

వెళ్లిరా కోటీ. ఏ అలర్టూ నిన్ను లేపని చోట హాయిగా నిద్రపో.