మోత లేని పెట్టె

మా ముందు గదిలో గుమ్మం పక్కన టీవీ, టీవీ కింద ఒక పాత కంప్యూటర్ ఉండేవి. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మా ఇంట్లో స్త్రీల ప్రార్థన. పాటల మాటలు టీవీ మీద కనబడాలంటే ఆ కంప్యూటరే ఆధారం. ఒకసారి ఆపితే మళ్లీ లేవడానికి మొరాయిస్తుందని మావారు ప్రార్థన ముగిసేదాకా దాన్ని ఆపనిచ్చేవారు కాదు. దాని ఫ్యాన్ రొద వీధిలోకి వినిపించేది.

"అక్కగారూ, ఇంట్లో పిండిమర ఎట్టారేటి?" అని సంఘంలో ఆడవాళ్లు నవ్వేవారు.

నాకు నవ్వు వచ్చేది కాదు. పాటలయ్యాక ఎవరి మనవి వారు పెదాల మీదే చెప్పుకునే సమయం ఒకటుంటుంది. దేవుని సన్నిధిలో నిశ్శబ్దంగా ఉండాలని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నదాన్ని. ఆ సమయంలో ఆ రొద వింటుంటే అతిథిని పిలిచి అవమానిస్తున్నట్టు ఉండేది.

నర్సీపట్నం మెయిన్ రోడ్డులోని కంప్యూటర్ల కొట్టుకు ఇద్దరం వెళ్లాం. కొట్టాయన చిన్న పెట్టెల్లాంటి కంప్యూటర్లు రెండు ముందు పెట్టాడు.

"ఇది గట్టిదండీ. ఎంత పెద్ద సినిమా అయినా బేగి అందుకుంటాది. కాపోతే లోపల చిన్న ఫ్యానుంటాది. ఇదేమో కొంచెం నెమ్మది. ఫ్యానే లేదు. పైన రేకు ఎచ్చబడతాది గానీ కిక్కురుమనదు."

మావారి కళ్లు మొదటిదాని మీదే ఉన్నాయి. ఆయనకు మంచి స్పీకర్లున్నాయి, సినిమాల పిచ్చి ఉంది. నేను రెండోది ఆన్ చేయించి చెవి ఆనించాను.

"డాక్టరు గొట్టం తెప్పించమంటావా?" అన్నారు మావారు.

"ఇల్లేమైనా ఆస్పత్రేటండీ, ఇంత నిశ్శబ్దం కావాలా?" అని కొట్టాయన కూడా నవ్వాడు.

"మా ఇంట్లో ప్రార్థన జరుగుతుందండీ" అన్నాను. ఆ మాట కాస్త గర్వంగానే అన్నాను. మావారు రెండోదానికే డబ్బు కట్టారు. ఇంటికొచ్చి, అరచేతిలో పట్టే ఆ పెట్టెను టీవీ వెనక తగిలించారు.

మా ప్రార్థనకు చేపలమ్మే ఒకామె వస్తుంది. ఊరు నక్కపల్లి అవతల, సముద్రం ఒడ్డున. పొద్దున్నే తట్టతో దిగి, సరుకు అమ్ముడయ్యాక మా కుళాయి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని లోపలికొస్తుంది. బస్సు వేళదాకా కూర్చుంటుంది. ఆమె వచ్చిన మొదటి రోజే గుమ్మం దగ్గర చాప వేసి, "ఇక్కడ కూర్చో చెల్లీ, గాలి బాగా వస్తుంది" అన్నాను. అప్పటి నుంచి అదే ఆమె చోటు, పాత కంప్యూటర్ పక్కన. మిగతా అందరం గది మధ్య సీలింగ్ ఫ్యాన్ కింద తివాచీ మీద కూర్చునేవాళ్లం.

కొత్త పెట్టె వచ్చాక మొదటి శుక్రవారం పాటలయ్యాయి. తలలు వంచుకున్నాం. నేను కోరుకున్న నిశ్శబ్దం వచ్చింది. అందులో గుమ్మం వైపు నుంచి ఒక గొంతు వినబడింది. పెద్దగా ఏమీ కాదు, ఆమె ఎప్పుడూ చెప్పుకునే గొంతే అయి ఉంటుంది.

"తండ్రీ, నా ఒంటి నీసు వాసన ఈ తల్లులకి తగలనీకు. అక్కగారు నా వల్ల ఇబ్బంది పడకుండా సూడు. నాకీ గుమ్మం కాడ సాలు తండ్రీ, ఈడ నుంచి మాత్రం..."

అక్కడ ఆమె గొంతు ఆమెకే వినబడినట్టుంది. ఆగిపోయింది. వంచిన తల ఒక్కరూ ఎత్తలేదు. నా పక్కనున్నామె గాజులు సర్దుకుంది.

ప్రార్థన ముగిశాక ఆమె టీవీ కింద ఖాళీ చోటు చూసింది. "ఆ డబ్బా ఏటైపోనాదండీ?"

"మార్చేశాం చెల్లీ."

"మంచి పని సేసారు" అంది. టీ తాగి వెళ్లమంటే బస్సుకు టైమైపోయిందని తట్ట తీసుకుంది.

కూడికలో ధనవంతుణ్ణి మంచి చోట, బీదవాణ్ణి ఓ మూల కూర్చోబెట్టకూడదని లేఖనంలో ఉన్న మాట సండేస్కూల్లో కంఠతా పట్టి బహుమతి తీసుకున్నదాన్ని నేను. అదే మాట మీద స్త్రీల కూడికలో ప్రసంగం కూడా చేశాను. అప్పుడు కూడా ఆమె ఆ గుమ్మం దగ్గరే కూర్చుని వింది. ఆ రాత్రి మావారు, "చూశావా, ఎంత నిశ్శబ్దంగా ఉందో" అన్నారు.

ఇక రాదేమో అని వారమంతా భయపడ్డాను. వచ్చింది. తివాచీ మీద నా పక్కన చోటు చూపించాను.

"ఒద్దండీ, ఈడ గాలొస్తాది" అంది. నా మాటే, ఎత్తిపొడుపు లేకుండా. గుమ్మం దగ్గర కూర్చుంది.

నేను లేచి వెళ్లి ఆ చాప మీదే కూర్చున్నాను. వాసన వచ్చింది. రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. ఆమె చీర దగ్గరకు లాక్కుని గోడ వైపు జరిగింది.

పాటలయ్యాయి. మనవుల సమయం వచ్చింది. ఓరగా చూశాను. ఆమె పెదాలు కదలడం లేదు. ఇన్నాళ్లూ ఏ మోత చాటున ఆమె దేవుడితో మాట్లాడుకుందో, దాన్ని నేను దేవుడి పేరు చెప్పి ఇంట్లోంచి తీయించేశాను.

అందరూ మౌనంగా ఉండాల్సిన వేళ నేను పాట ఎత్తుకున్నాను. నా గొంతు బాగుండదు. ఒకరిద్దరు ఆశ్చర్యంగా చూశారు. తర్వాత ఒక్కొక్కరే కలిశారు, చప్పట్లు కూడా వచ్చాయి. పాట అయిపోతుంటే మళ్లీ మొదటి నుంచి అందుకున్నాను.

కొంతసేపటికి ఆమె పెదాలు కదిలాయి. ఏం చెప్పుకుందో నాకు వినబడలేదు.