నీవెస్ మామా పన్నెండు అట్టలు

నేను ఇప్పుడు పనిచేసే ఇంట్లో పిల్లలు బడికి తీసుకెళ్ళడానికి పెద్ద చార్టు మీద ఏదో రాసుకుంటున్నారు. లావు నల్ల పెన్ను మూత తీయగానే దాని వాసన వంటింటి దాకా వచ్చింది. ముక్కుకు ఘాటుగా, గొంతులో కొంచెం తియ్యగా తగిలే వాసన. కడుగుతున్న గిన్నె చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఆ వాసన తగిలితే నాకు ఇక్కడే కువైట్ సిటీ మిర్కాబ్‌లో ఏడో అంతస్తు ఇల్లు, ఎండకు వెలిసిపోయిన పసుపు పరదాలు, నీవెస్ మామా గుర్తుకు వస్తారు. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే మేము యజమానురాలిని మామా అంటాం. తొమ్మిదేళ్ళు నేను ఆమెను అట్లాగే పిలిచాను. ఆమె ఎవరో చెప్పమంటే మాత్రం ఈ రోజుకీ తడబడతాను.

నీవెస్ మామాది ఇటలీ. ఒకప్పుడు ఆ దేశంలో టీవీ ఉన్న ప్రతి ఇంటికీ ఆమె ముఖం తెలుసట. సాయంత్రం పూట వచ్చే ఒక ప్రశ్నల ఆటలో, ప్రశ్నలడిగే ఆయన పక్కన మెరిసే గౌను వేసుకుని నిలబడి, గోడంత పలక మీద అక్షరాలున్న చెక్కలను ఒక్కొక్కటే తిప్పేవారట. ఆరేళ్ళు అదే పని. ఆ తర్వాత నాలుగు సినిమాలు, కొన్ని సీరియళ్ళు. ఆపైన ఒక కువైట్ వ్యాపారిని పెళ్ళి చేసుకుని అన్నీ వదిలి ఇక్కడికి వచ్చేశారు. నేను పనిలో చేరేనాటికి ఆయన లేరు. ఆయన మొదటి భార్య కొడుకు ఆమెను బాగానే చూసుకునేవాడు. ఇల్లు అతనిదే, నా వీసాకు పూచీ ఉన్న కఫీల్ కూడా అతనే. ఇంట్లో ఉండేది మామా, నేను. మేము మాట్లాడుకునేది సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు, మిగిలింది చేతులతో. ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను.

నాది రాయచోటి దగ్గర పల్లె. వేరుశనగ చేలల్లో కలుపు తీస్తూ పెరిగాను, బడి మొహం చూడలేదు. కువైట్ పంపిన ఏజెంటు విమానం ఎక్కే ముందు మా ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి ఒకే పాఠం చెప్పాడు. "మే, ఏమడిగినా వచ్చునని చెప్పండి. మిషను వచ్చునా, వచ్చు. ఇంగ్లీషు వచ్చునా, వచ్చు. రాదన్నారంటే తిరుగు విమానమే." నేను ఆ పాఠం బాగా నేర్చుకున్నాను. మామా మొదటి రోజే "చదవడం వచ్చా?" అంటే "ఐవా మామా" అన్నాను. మందు సీసాలను మూత రంగుతో, మసాలా డబ్బాలను వాసనతో గుర్తుపెట్టుకుని ఎనిమిదేళ్ళు నెట్టుకొచ్చాను.

ఎనిమిదో ఏడు చివర ఇటలీ నుంచి ఫోన్ వచ్చింది. పాత టీవీ వాళ్ళు ఇప్పుడెట్లా ఉన్నారో చూపించే కార్యక్రమం ఒకటి ఉందట, వాళ్ళు కువైట్ వచ్చి మామాతో మాట్లాడతారట. అది నచ్చితే రోమ్‌లో తీస్తున్న ఒక సీరియల్లో అవ్వ వేషానికి పిలుస్తారట. ఫోన్ పెట్టేసి మామా వంటింట్లోకి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. నా పేరు రెడ్డెమ్మ అయితే ఆమె నోటికి రెమా అని వచ్చేది. "రెమా, వాళ్ళు నన్ను మర్చిపోలేదు" అన్నారు. నేను నవ్వాను. నవ్వుతూనే లోపల ఒక లెక్క వేసుకున్నాను. మామా రోమ్ వెళ్తే ఈ ఇల్లు ఉండదు. ఇల్లు లేకపోతే ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా కార్డు ఖలాస్.

అప్పటికే ఆమెకు మాటలు జారిపోతుండేవి. చెంచా చేత్తో పట్టుకుని చెంచా కోసం వెతికేవారు. అందుకని తన జీవితమంతా పన్నెండు తెల్ల అట్టల మీద లావు నల్ల పెన్నుతో రాసుకున్నారు. స్టూడియోలో అట్లాగే చేసేవాళ్ళట. మాట్లాడేవాళ్ళు చూసి చెప్పుకునేలా కెమెరా వెనక ఒకరు నిలబడి అట్టలు పట్టుకుంటారట. ఆ పని నాది. కాఫీ అయిన తర్వాత రోజూ ఆమె సోఫాలో కూర్చునేవారు, నేను బాల్కనీ తలుపు దగ్గర నిలబడి అట్టలు మార్చేదాన్ని. నెల రోజులు ఒక్కసారి కూడా తప్పలేదు. మొదటి అట్ట మీద కాఫీ కప్పు గుండ్రంగా అంటుకుని ఉంది. రెండోదానికి మూల మడత. మూడోదానికి పెదవుల రంగు మరక. అట్లా పన్నెండింటికీ నాకు పన్నెండు గుర్తులు. ఆ కథ కూడా ఆమే నాకు విప్పి చెప్పారు. డాక్టరు గారి కూతురు, చిన్నప్పటి నుంచి నాట్యం, పోటీలో గెలిచి టీవీలోకి రావడం, చివరికి ప్రేమ కోసం అన్నీ వదిలేయడం. వినడానికి బాగుండేది.

ఆ రోజు ఇద్దరు వచ్చారు. ప్రశ్నలడిగే ఒక అమ్మాయి, కెమెరా పట్టుకున్న ఒకాయన. దీపాలు పెట్టే ముందు మామా నన్ను లోపలికి పిలిచి అట్టల కట్ట చేతికిచ్చారు. చూస్తే కొత్త అట్టలు. తెల్లవారుజామునే లేచి అన్నీ తిరగరాశారట. "మా దేశం వాళ్ళ ముందు ఆ మురికి కాగితాలా? వరసగా పెట్టాను, చెదరనీయకు. యల్లా!"

కాఫీ తట్టతో కలిపి ఆ కట్ట పట్టుకుని హాల్లోకి వస్తుంటే నేల మీద పరిచిన వైరు కాలికి తగిలింది. తట్ట నిలబడింది, అట్టలు జారి నేలంతా పరుచుకున్నాయి. వంగి ఏరాను. ఒక్కదాని మీదా మరక లేదు, మడత లేదు. పన్నెండూ ఒకే ఒడ్డున పడిన పన్నెండు చేపల్లా ఉన్నాయి. మామా అద్దంలో జుట్టు సవరించుకుంటున్నారు. కాఫీ పోసినంత సేపు నాకు సమయం ఉంది. "మామా, నాకు చదువు రాదు, ఇవి సర్దివ్వండి" అంటే అయిపోయేది. నోరు తెరవలేదు. చేతికి వచ్చినట్టు పేర్చుకుని తలుపు దగ్గర నిలబడ్డాను.

మొదటి అట్ట ఎత్తాను. మామా చూశారు. కనుబొమలు కొంచెం కదిలాయి. రెండోది ఎత్తాను. అది తలకిందులుగా ఉందని తర్వాత తెలిసింది. ఆమె నా వైపు ఒక్క క్షణం చూసి, తర్వాత మళ్ళీ చూడలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మాట్లాడడం మొదలుపెట్టారు. ఇటలీ భాష నాకు రాదు. కానీ నెల రోజులు విన్న మాటల నడక నాకు తెలుసు. ఇది ఆ నడక కాదు. మధ్యలో ఆమె సోఫా మీది నుంచి ముందుకు వంగి కుడి చేత్తో గాలిలో ఏదో పీకారు. బొటనవేలు వేరు దగ్గర తిప్పి, లాగి, ఎడమ చేతికి మార్చి, అరచేతిని నడుముకు తుడుచుకున్నారు. అది కలుపు తీసే చేయి. డాక్టరు గారి కూతురికి ఆ చేయి ఎక్కడ నుంచి వస్తుంది? ప్రశ్నలడిగే అమ్మాయి కాగితం పక్కన పెట్టేసి కళ్ళు తుడుచుకుంటోంది.

వాళ్ళు వెళ్ళిపోయాక మామా చెప్పులు విడిచి సోఫాలోకి కాళ్ళు ముడుచుకున్నారు.

"అట్టలు ఎందుకట్లా పట్టుకున్నావు?"

"కింద పడినాయి మామా."

"పడితే? రాసింది చూసి సర్దుకోవచ్చు కదా."

"నాకు చదువు రాదు మామా."

"నెల రోజులు పట్టుకున్నావే!"

"నెల రోజులూ రాదు."

ఆమె పకపకా నవ్వారు. దగ్గు వచ్చేదాకా నవ్వారు. ఉన్నట్టుండి నవ్వు ఆపి నా ముఖంలోకి చూశారు. "రెమా, నేను వెళ్ళిపోతానని చేశావా? తెలిసే చేశావా?"

లేదనాలి. లేదు అనే మాట నాలుక మీదకు వచ్చింది, అక్కడే ఆగింది. ఆమె కూడా ఒత్తిడి చేయలేదు. అట్టలు కట్టగా సర్దుతూ నేనే అడిగాను. "మీరు ఈ పొద్దు చెప్పింది ఏం కథ?"

వాళ్ళమ్మ వరి మళ్ళలో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కలుపు తీసే కూలి మనిషట. సంతకం రాదట. చిన్నప్పుడు తనూ ఆ నీళ్ళలోనే పెరిగారట. టీవీ పనిని తను వదిలిపెట్టలేదట. ఒక సోమవారం వెళ్ళేసరికి అద్దం ముందు తన కుర్చీలో ఇరవై ఏళ్ళ పిల్ల కూర్చుని ఉందట.

"అయితే డాక్టరు?"

"డాక్టరు కథ ఛానల్ వాళ్ళు రాసిచ్చారు. చెప్పగా చెప్పగా నాదే అయింది" అన్నారు. రెండు గుక్కలు కాఫీ తాగి, "కలుపు తీయడం ఒక సినిమా కోసం రెండు వారాలు నేర్పించారులే" అన్నారు.

"అయితే మీ అమ్మ?"

"నాకేం తెలుసు రెమా, దీపాలు వెలిగితే నోటికి ఏదో ఒకటి వస్తుంది." అంటూనే కళ్ళలో నీళ్ళు పెట్టుకున్నారు. నీళ్ళు తెప్పించుకోవడం వాళ్ళ పనిలో భాగమని ఆమే ఒకసారి చెప్పి ఉన్నారు. నేను ఏది నమ్మాలో తెలియక కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను.

మరుసటి శుక్రవారం నుంచి నన్ను చదువుకు పంపారు. నాకు తెలుగు ఆమె నేర్పలేరు కదా, అందుకని ఫర్వానియాలో బట్టలు కుట్టే వెంకటరత్నం గారిని నేనే వెతుక్కున్నాను. ఆమెది అమలాపురం వైపు. "ఏవండీ రెడ్డెమ్మగారూ, 'అ' ని చూసి అంత బెదురేంటండీ బాబూ, అదేవన్నా కరుస్తదా?" అనేవారు. "నాకు యాడ వస్తాదమ్మా, నలభై ఏడేండ్లు పడినాయి" అంటే, "అక్షరానికి మీ వయసుతో పనేంటండీ, పెళ్ళి చేసుకుంటదా!" అని నవ్వేవారు. నేను నేర్చుకొచ్చిన అక్షరాన్ని చూసి మామా తెల్ల అట్ట మీద పెద్దగా దించేవారు, ముగ్గు వేసినట్టు. తర్వాత నన్ను బాల్కనీ తలుపు దగ్గర నిలబెట్టి, తను సోఫాలో కూర్చుని, అట్టను గిరుక్కున తిప్పేవారు. ఆరేళ్ళ పాటు లోకానికి అక్షరాలు తిప్పి చూపించిన చేయి అది. "రాకపోతే రాదను. వచ్చినట్టు తల ఊపావంటే నాకు తెలిసిపోతుంది. తల ఊపడంలో నేను నీకంటే పెద్ద దొంగను" అనేవారు.

నా తలకట్లు, గుడులు పూర్తి కాకముందే రోమ్ నుంచి పిలుపు వచ్చింది. ఆ రోజు ఆమె చెప్పిన కథ ఇటలీలో అందరినీ కదిలించిందట. అవ్వ వేషం ఆమెకే ఇచ్చారు. ఆమెను ఆపడానికే నేను అట్టలు తారుమారు చేసి ఉంటే, ఆమెను పంపించింది కూడా ఆ పనే. విమానాశ్రయంలో చక్రాల కుర్చీలో కూర్చుని మళ్ళీ అదే అడిగారు. "ఇప్పుడైనా చెప్పు. తెలిసే చేశావా?" కొడుకు తొందర పెడుతున్నాడు. నేను ఆమె శాలువా సర్దాను. "సరేలే, నేనూ నీకు ఏదీ సరిగ్గా చెప్పలేదు" అని నా చెంప మీద ముద్దు పెట్టుకుని వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు కొడుకుతో మాట్లాడి, నా ఇఖామా వేరే ఇంటికి మారేలా చూశారు. అది నాకు వారం తర్వాత తెలిసింది.

పోయిన చలికాలం ఆ కొడుకే ఫోన్ చేసి మామా పోయారని చెప్పాడు. ఇటలీ వార్త కూడా పంపాడు. వెంకటరత్నం గారు ఫోన్లో ఏదో నొక్కి దాన్ని తెలుగులోకి మార్చి ఇచ్చారు. "చదవనాండీ?" అన్నారు. "వద్దమ్మా, నేనే చదువుకుంటా" అన్నాను. వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాను. ఆమె రైల్వే గార్డు కూతురని ఉంది. డాక్టరు లేడు, వరి మడి లేదు. టీవీ ఆట ఉంది, నాలుగు సినిమాలు ఉన్నాయి, చివరి సీరియల్ ఉంది. కువైట్ పేరు లేదు. "కొంతకాలం విదేశాల్లో నివసించారు" అని ఉంది. మళ్ళీ మొదటి నుంచి చదివాను, నాకు సరిగ్గా చదవడం రాలేదేమోనని. సరిగ్గానే చదివాను.

చదువు వస్తే అన్నీ తేలిపోతాయనుకునేదాన్ని. ఇప్పుడు ఎవరైనా కాగితం చేతికిస్తే "ఆగండి, చదువుకుంటాను" అనగలుగుతున్నాను, రానిది రాదని చెప్పగలుగుతున్నాను. అవి రెండూ మామా నాకు పెట్టిన భిక్ష. కానీ తేలనిది తేలలేదు. ఈ ఇంట్లో మా పనివాళ్ళ గదికి కొత్తగా వచ్చిన పిల్ల ఒకతె, "అక్కా, ఆ పొద్దు నువ్వు తెలిసే చేసినావా?" అని అడిగితే లేదన్నాను, భయంతో నోరు రాలేదన్నాను. తర్వాత ఒక శుక్రవారం వెంకటరత్నం గారితో, ఆమెను పోనీయడం ఇష్టం లేకే చేశానని చెప్పి ఏడ్చాను. రెండుసార్లూ నేను అబద్ధం ఆడుతున్నానని నాకు అనిపించలేదు. అప్పటి నుంచి మామా కథల్లో ఏది నిజమని వెతకడం మానేశాను. ఎవరైనా ఆమె గురించి అడిగితే ఒక్కటే చెబుతాను. ఆమె కలుపు తీయడం నేను చూశాను. ఎక్కడ నేర్చుకున్నారో తెలియదు. వేరు తెగకుండా తీశారు.